ఉదయగిరి రాజ్యమున దానపత్ర రచన

దానశాసనములను చరిత్రకారులు సాధారణముగా రాజవంశావళుల కొరకును, యుద్ధవృత్తాంతముల కొరకును చదువుచుందురు. ప్రశస్తి భాగము ముగియగానే వారి యాసక్తి తగ్గును. దానమెట్లు సంభవించినది, రాజునకు ఆ యూరి సంగతి, ఆ దేవాలయపు కొరత ఎవరు విన్నవించిరి, పత్రము నెవరు కూర్చిరి, ఫలము చేతికి వచ్చువరకు ఎవరు వెంటనుండిరి అను ప్రశ్నలు వెనుకబడిపోవుచున్నవి. దేవాలయము, మఠము, అగ్రహారము, సత్రము, చెరువు, దర్గా ఇవి యన్నియు లాభాపేక్ష లేని సంస్థలే. వాటికి ధనము స్వయముగా నడచిరాదు. అడుగవలెను, అడుగుటకు తగిన మాట తెలిసినవాడు కావలెను, ఇచ్చినదానిని తరతరములు నిలుపగల పత్రము కావలెను. నేడు స్వచ్ఛంద సంస్థల తరఫున విరాళదరఖాస్తులు వ్రాసియిచ్చు వృత్తియు, సలహాలు చెప్పు వృత్తియు క్రొత్తగా పుట్టినట్లు కొందరు తలచుచున్నారు. ఈ పని మన దేశమున కనీసము పదునైదు శతాబ్దములుగా జరుగుచున్నది. నెల్లూరు మండలపు పడమటి భాగమునే ముఖ్యముగా గైకొని యా పనివారిని గూర్చి కొంత విచారించుట ఈ వ్యాసమున నా ప్రయత్నము.

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములు వెలిగొండలకు తూర్పున నున్నవి. ఆత్మకూరు వైపు పెన్న పారుచున్నది. ఉదయగిరి వైపు మెట్టభూములు, గుట్టలు, వానకు ఎదురుచూచు చెరువులు. డెల్టా భూములవలె ఏటేట పండు సీమ కాదిది. ఇట్టి చోట ఒక గుడికి నిత్యనైవేద్యము జరుగవలెనన్నను, ఒక చెరువుకట్ట నిలువవలెనన్నను బయటి యాదరువు తప్పనిసరి. ఆ యాదరువు విజయనగర కాలమున ఉదయగిరి దుర్గమునుండి వచ్చెడిది. నాటి ఉదయగిరి రాజ్యము ఇప్పటి తాలూకావంటి చిన్నది కాదు. నెల్లూరు సీమయు, కడప సీమలో కొంత భాగమును దానిలో చేరియుండెను. కావున ఈ వ్యాసమున కొండకు పడమట నున్న పోరుమామిళ్లను చేర్చుకొనుట అప్రస్తుతము కాదు.

మొదట పాత పదములను రెంటిని గమనింపవలెను. ప్రాచీన తామ్రశాసనములలో 'విజ్ఞప్తి' యనియు, 'ఆజ్ఞప్తి' యనియు ఇద్దరు వ్యక్తులు కనబడుదురు. విజ్ఞప్తి యనగా నేడు మనము వాడునట్లు వినతిపత్రము మాత్రమే కాదు. రాజునకు విన్నవించి దానము చేయించిన మనుష్యునికే యా పేరు చెల్లెడిది. ఆజ్ఞప్తి రాజాజ్ఞను అమలు జరిపించువాడు. తూర్పు చాళుక్యుల శాసనములలో ఈ స్థానము తరచుగా కటకాధీశునిది. పల్లవ నందివర్మ ఉదయేందిరం శాసనమున సేనాని యుదయచంద్రుడు విన్నవించుకొనగా రాజు నూటయెనమండుగురు బ్రాహ్మణులకు గ్రామము నిచ్చినట్లున్నది. యుద్ధములో గెలిచి వచ్చినవాడు తనకొరకు గాక ఇతరులకొరకు అడిగినాడు. అడిగిన వాని పేరు, అతని విజయములు, గ్రహీతల వివరములు పత్రములోనే చేర్చుట ఆనాటి మర్యాద. దాతకు కీర్తి, గ్రహీతకు భూమి, మధ్యవర్తికి పేరు; ఎవరి భాగము వారికి దక్కినది.

నెల్లూరు సీమకు సంబంధించిన ప్రాచీన దానములలో పల్లవ యువమహారాజు విష్ణుగోపవర్మ యిచ్చిన ఉరువుపల్లి శాసనము ప్రసిద్ధము. విష్ణువర్మయను సేనాపతి కందుకూరమున విష్ణుహారదేవకులమును కట్టించెను. ఆ గుడికి ముండరాష్ట్రములోని ఉరువుపల్లియందు రెండువందల నివర్తనముల భూమి యీయబడినది. కట్టించినవాడు సేనాపతి, భూమి యిచ్చినది రాజకుటుంబము. ఎవరో యొకరు గుడి కట్టుట, దాని నిత్యనిర్వహణకు పైవారిని ఆశ్రయించుట అను పద్ధతి, తరువాత వేయి సంవత్సరములు సాగిన పద్ధతి, ఇందు అప్పుడే స్పష్టముగా కనబడుచున్నది. పొలపు సరిహద్దులను పత్రములో చెప్పుటయు గమనింపదగినది. ఏ దిక్కున ఏ యూరు, ఎక్కడ వాగు, ఎక్కడ గట్టు అను సంగతి పాలక్కడ స్థానమున కూర్చున్న రాజోద్యోగికి తెలియునది కాదు. ఆ గ్రామమునుండి ఎవరో వెళ్లి చెప్పియుండవలెను. శాసనములలో మొదటి సగము కవిది, రెండవ సగము ఊరివానిది.

కవుల మాట వచ్చినది గనుక ఒక సంగతి చెప్పవలెను. మన సాహిత్యచరిత్రలో పెద్దపీట వేయబడినవారిలో పలువురు దానపత్రములు వ్రాసినవారే. రాజరాజనరేంద్రుని నందంపూడి శాసనమును కూర్చినది నన్నయభట్టు. పెదకోమటి వేమారెడ్డి కొలువున విద్యాధికారియైన శ్రీనాథుడు శా. శ. 1331 (క్రీ. శ. 1409) నాటి ఫిరంగిపురము శాసనమును రచించెను. విజయనగర చక్రవర్తుల కాలమున సభాపతి యనునాతడు కృష్ణరాయ, అచ్యుతరాయల తామ్రశాసనములను వ్రాయుచుండగా, వీరణాచార్యుడు మున్నగు ఆచార్యులు వానిని రాగిరేకులపై చెక్కుచుండిరి. ఈ శాసనములలో వంశప్రశస్తి శ్లోకములు ఒకదానినుండి ఇంకొకదానిలోనికి మార్పు లేకుండ వచ్చుచుండును. మన విమర్శకులు దీనిని ప్రతిభాలోపముగా పరిగణించినారు. నాకట్లు తోచదు. ఆస్థానపు దానపత్రము కావ్యము కాదు. మొదటి భాగము మారకుండుటయే దాని ప్రామాణ్యమునకు గురుతు. వరాహముద్ర, చివర 'శ్రీవిరూపాక్ష' యను చేవ్రాలు, నడుమ తెలిసిన శ్లోకములు, ఇవి యుండినగదా గ్రామాధికారి ఆ పత్రమును నమ్మి కట్టుబడును.

ఉదయగిరి రాజ్యమునకు చెందిన దానపత్రములలో కవిత్వమునకు పేరుగాంచినది బిట్రగుంట శాసనము. విజయనగర స్థాపకుడైన హరిహరుని తమ్ముడు కంపరాజు తూర్పు సీమను ఏలెను. సాయణాచార్యుడు అతనికి మంత్రి. కంపరాజు గతించిన పిమ్మట అతని కుమారుడు రెండవ సంగముడు చిన్నవాడగుటచే రాజ్యభారమును సాయణుడే వహించినాడు. ఆ సంగముడు శా. శ. 1278 (క్రీ. శ. 1356)లో తన గురువైన శ్రీకంఠనాథుని ప్రేరణచే బిట్రగుంట గ్రామమును బ్రాహ్మణులకు దానముచేసెను. గురువు పేరిట ఆ యూరికి శ్రీకంఠపురమని నామాంతరము కలిగినది. పత్రమును రచించినవాడు భోగనాథుడు. ఇతడు సాయణునకు తమ్ముడు, సంగమరాజునకు నర్మసచివుడు. రామోల్లాసము, త్రిపురవిజయము మున్నగు కృతులను రచించినట్లు సాయణుని అలంకారసుధానిధి వలన తెలియుచున్నది.

ఈ దానములో ఎవరి పాత్ర యేమియో చూడుడు. అడిగినవాడు గురువు. ఇచ్చినవాడు బాలుడైన రాజు. రాజ్యమును నడుపువాడు సాయణుడు. పత్రము వ్రాసినవాడు ఆ మంత్రికి తమ్ముడు. గ్రామమునకు పేరు గురువునిది. బిట్రగుంట బ్రాహ్మణులకు గ్రామము లభించుటలో వారి పాండిత్యము ఎంత కారణమో, ఆస్థానమునందలి యీ చుట్టరికములు నంతే కారణము. దీనిని నిందగా చెప్పుటలేదు. విన్నపము వినిపింపగల వారు దగ్గరలేని గ్రామములకు, గుళ్లకు దానము దొరకలేదను సత్యమును శాసనములు చెప్పవు. ఫలించిన విన్నపములే రాతికెక్కినవి. ఫలింపనివాటికి శిలయు లేదు, రాగిరేకును లేదు.

ఇక పోరుమామిళ్ల శాసనము. ఈ విషయమున ఇంతకంటె విలువగల ప్రమాణము తెలుగుదేశమున వేరొకటి లేదని నా యభిప్రాయము. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, నామాంతరము భవదూరుడు, ఉదయగిరిపైనుండి తూర్పుసీమను ఏలుచుండెను. ఆయన వెలిగొండలకు పడమటనున్న పోరుమామిళ్లవద్ద అనంతరాజసాగరమను తటాకమును నిర్మించి శా. శ. 1291 (క్రీ. శ. 1369)లో శాసనము వేయించెను. ఆత్మకూరు ప్రాంతమున అనంతసాగరమను ఊరును, పెద్ద చెరువును వేరుగా కలవు. పేరులు పోలియున్నవని రెంటిని కలుపరాదు; ఒకటి కొండకు ఆవల, ఒకటి ఈవల.

శాసనము జలదాన మహిమతో ప్రారంభమగును. ఇది ఆచారము. తరువాతి భాగము ఆచారమును మించినది. మంచి చెరువునకు పండ్రెండు సాధనములు కావలెనని చెప్పి వరుసగా పేర్కొనుచున్నది. ధర్మపరుడు, ధనవంతుడు, కీర్తికాముడు అగు రాజు; పాథశ్శాస్త్రము, అనగా జలశాస్త్రము, తెలిసిన బ్రాహ్మణుడు; గట్టి మన్నుగల నేల; మూడు యోజనముల దూరమునుండి వచ్చు తియ్యనినీటి నది; ఆ నదికి తాకియుండు కొండ; కొండకొమ్ముల నడుమ మిక్కిలి పొడవు గాని దృఢమైన రాతికట్ట; ఫలభూములకు ఎడముగానుండు కొండచివరలు; లోతును వెడల్పును గల గర్భము; పొడవైన, తిన్ననైన రాళ్లు దొరకు గని; చుట్టును సమతలమైన పంటపొలములు; వేగముగల నీటిత్రోవలు; కట్టుటలో నేర్పుగల జనసమూహము. పిమ్మట ఆరు దోషములు: కట్టనుండి నీరు ఊరుట, చవుడునేల, రెండు రాజ్యముల పొలిమేరలో నుండుట, గర్భము నడుమ తాబేటి వీపువలె మిట్టయుండుట, నీరు కొద్ది పొలము పెద్ద యగుట, నీరు పెద్ద పొలము కొద్ది యగుట.

ఇందు మొదటి రెండు సాధనముల వరుసను గమనింపుడు. మొదట దాత, వెంటనే శాస్త్రజ్ఞుడు. నేల, నీరు, రాయి, కూలి యన్నియు తరువాతనే. ధనముండి తగిన సలహాదారు లేనిచో చెరువు నిలువదను అనుభవమును ఆరువందల యేండ్లకు పూర్వమే శాసనకర్త పత్రమునకెక్కించినాడు. పొలిమేర చెరువును దోషముగా చెప్పుట కేవలము శిల్పశాస్త్రపు మాట కాదు. రాజ్యవ్యవహారము తెలిసినవాని మాట. రెండు ప్రభుత్వముల నడుమ నున్న చెరువును బాగుచేయించు బాధ్యత యెవరును తీసికొనరు. నీటికి మాత్రము ఇరువురును వత్తురు. చివరి రెండు దోషములలో నీటికిని ఆయకట్టునకును పొత్తు కుదరవలెనను లెక్క యున్నది. నేటి ఇంజనీరు సమర్పించు నివేదికలో ఈ విషయములే వేరుమాటలలో నుండును.

ఖర్చును గూర్చియు శాసనము మౌనము వహింపలేదు. ప్రతిదినము వేయిమంది కూలివారు కట్టపై పనిచేసిరి. రాతిపనికి నూరు బండ్లు నడచినవి. పని రెండేండ్లు పట్టినది. వ్యయమైన ధనధాన్యములకు మితిలేదు. కట్ట పొడవు అయిదువేల రేఖాదండములనియు, వెడల్పు, ఎత్తులు ఇంతింతయనియు కొలతలు కలవు. వేయిమందిలో ఒక్కని పేరును లేదు. శాసనమునందు పేరు పడుటకు దాతయైనను కావలెను, బ్రాహ్మణుడైనను కావలెను, ఉలిపట్టిన ఆచార్యుడైనను కావలెను. మట్టి మోసినవారిది లెక్కగా మాత్రము మిగిలినది. ఆ లెక్కనైనను చెప్పినందుకు ఈ శాసనకర్తకు మనము ఋణపడియున్నాము. పెక్కు చెరువు శాసనములు అదియు చెప్పవు.

కృష్ణదేవరాయలు ఉదయగిరిని ముట్టడించి 1514లో గజపతులనుండి వశపరచుకొనుట సుప్రసిద్ధము. అటుపిమ్మట ఆయన తిరుమలకేగి స్వామికి ముప్పదివేల వరహాలతో కనకాభిషేకము చేసినట్లును, ఉదయగిరినుండి బాలకృష్ణవిగ్రహమును కొనిపోయి 1515లో విజయనగరమున గుడికట్టి ప్రతిష్ఠించినట్లును శాసనములు చెప్పుచున్నవి. ఆ విగ్రహము నేడు చెన్నపట్టణపు ప్రభుత్వ మ్యూజియమున నున్నది. ఉదయగిరి వైపునుండి చూచినచో ఇది దానము కాదు, తరలింపు. దుర్గమునందలి దేవుడు రాజధానికి పోయెను. గ్రామములు దానమందినది హంపిలోని క్రొత్త గుడి.

అయినను ఆ జయము వలన ఉదయగిరికి వచ్చిన యొక వ్యక్తి మన విషయమునకు ముఖ్యుడు. దుర్గపు పాలనము రాయసం కొండమరుసయ్యకు అప్పగింపబడినది. రాయసమనగా రాజపత్రముల లేఖనాధికారము. కలము పట్టి పైకివచ్చినవాడు కోటకు అధిపతియైనాడు. విజయనగర రాజ్యమున వ్రాతయెంత బలమైన వృత్తియో దీనివలన విశదమగును. రాయసమువారికి రాజాజ్ఞల ఫక్కి, అమరనాయకుల హక్కు, దేవాలయముల లెక్క మూడును తెలిసియుండెడివి. దానమపేక్షించు స్థానాపతులు కవినికంటె ముందు ఇట్టివారినే ఆశ్రయించియుందురు.

గ్రామములందలి శిలాశాసనములు రాగిరేకులవలె కావు. ఉదయగిరి, ఆత్మకూరు తాలూకాల శాసనములను ఇతర తాలూకాల వాటితోపాటు బటర్‌వర్తు, వేణుగోపాలచెట్టిగార్లు 1905లో మూడు సంపుటములుగా ప్రకటించి మహోపకారము చేసిరి. నెల్లూరు జిల్లాకు ఈ విషయమున కలిగిన భాగ్యము అనేక జిల్లాలకు కలుగలేదు. ఇట్టి గ్రామశాసనములందు వ్యాకరణము సడలియుండును. వాడుకమాటలు రాతికెక్కి యుండును. శకవర్షము, రాజుపేరు, ఆ సీమను నాయంకరముగా పొందినవాని పేరు, అతని కార్యకర్త పేరు, దేవుని పేరు, అంగరంగభోగములకో, అమృతపడికో, అఖండదీపమునకో యని ప్రయోజనము, చెరువు వెనుక ఇన్ని తూముల మడి యని లెక్క, నాలుగు ఎల్లలు, తప్పినవానికి గంగదరిని గోవును చంపిన పాపమని శాపము. ఇంతటితో సరి. కవిత్వము లేదు, కాని పత్రమునకు కావలసినదంతయు నున్నది. వ్రాసినవాడు ఊరి కరణమో, చెక్కినవాడు ఓజులలో నొకడో యని చివరి పంక్తులలో కొన్నిచోట్ల కనబడును.

ఈ శాసనములలో తరచుగా వచ్చు 'పుణ్యముగా' అను మాట యందు మెలకువ యున్నది. కార్యకర్త తన చేతి మీదుగా జరిగిన దానమును తన నాయకునికి పుణ్యముగా వ్రాయించును. నాయకుడు రాయలకు పుణ్యముగా వ్రాయించును. ఊరిలో పన్నుమినహాయింపు నిజముగా చేయగలవాడు కార్యకర్తయే. దాని కీర్తి పైవారికి చేరుటచే ఆ మినహాయింపునకు రక్షణ కలుగును. క్రొత్త కార్యకర్త వచ్చి, రాయల పుణ్యమునకు విడిచిన మడిని తిరిగి లాగికొనుటకు జంకును. గుడి పూజారులు, స్థానాపతులు ఈ చొప్పున వ్రాయించుకొనుట కేవలము రాజభక్తి యనరాదు. దానముచేసిన వానికంటె ఇతరుని దానమును కాపాడినవానికి రెండింతలు పుణ్యమని ప్రతి శాసనము చివర చెప్పుటలోను ఉద్దేశ మిదియే. ఆ మాట దాతకు కాదు, దాత తరువాత వచ్చువానికి.

తిరుమలలో ఈ వ్యవహారము మిక్కిలి పెంపుచెందినది. అచట భక్తుడు ధనము సమర్పించగా దేవస్థానమువారు ఆ ధనముతో తమ గ్రామములలో చెరువులు, కాలువలు బాగుచేయించి, పెరిగిన పంటనుండి ఆ భక్తుని పేరిట నైవేద్యము జరుపుటకు ఒడంబడిక వ్రాసియిచ్చెడివారు. పత్రమును దేవస్థానపు లెక్కలవాడగు తిరునిన్‌ఱయూరుడైయాన్ వ్రాసెడివాడు. దాతకు ప్రసాదములో భాగము, రైతునకు నీరు, దేవునకు నైవేద్యము. ఉదయగిరి సీమ గుళ్లకు ఇంతటి భాండాగారము లేదు. కాని చెరువు విషయమున ఇచ్చటను అట్టి యేర్పాటే 'దశబంధ' మాన్యముగా వాడుకలో నుండెను. చెరువు కట్టినవానికిని, బాగుచేయువానికిని దానిక్రింది భూమిలోనో ఫలములోనో ఒక భాగము మాన్యముగా నిచ్చి, కట్టను కాపాడు భారమును వానిపైనను, వాని సంతతిపైనను ఉంచుట దశబంధము. దానముతోపాటు పనియు నియమముగా వ్రాయబడుటచే ఇది నా దృష్టిలో బ్రహ్మదాయములకంటె నేర్పుగల పత్రము.

గోల్కొండ, మొగలాయి, ఆర్కాటు ప్రభుత్వముల కాలమున భాష మారినది, పద్ధతి మారలేదు. విజ్ఞప్తికి అర్జీ యనియు, శాసనమునకు సన్నదు, పర్వానా యనియు పేరులు వచ్చినవి. పారసీకము తెలిసిన మున్షీ లేనిదే పని జరుగదయ్యెను. కరణము తెలుగున చెప్పుట, మున్షీ పారసీకమున వ్రాయుట అను రెండు మెట్లు ఏర్పడినవి. ఉదయగిరిలో నేటికిని కానవచ్చు మసీదులును, ఆత్మకూరునకు సమీపమున అనుమసముద్రముపేటలో 18వ శతాబ్దికి చెందిన ఖాజా రహమతుల్లాగారి దర్గాయు ఆ కాలపు ధర్మాదాయ సంస్థలు. రహమతాబాదను పేరు ఆయనవలననే కలిగినది. గంధోత్సవమునకు వచ్చు యాత్రికులలో హిందువులును విశేషముగా నుందురు. గుడి యైనను, దర్గా యైనను, ఇనాము కాగితమును కాపాడుకొను చింత ఒక్కటియే.

రాగిరేకు కంటె, కాగితపు సన్నదు కంటె ఇచ్చటి వ్యవహారమును ఎక్కువగా నిలిపినది కరణాల కవిలె. కల్నల్ మెకంజీ కావలి సోదరుల సాయమున గ్రామకైఫీయతులను సేకరింపించినప్పుడు కరణములు తమ దండకవిలెలను చూచి పలు సంగతులు వ్రాసియిచ్చిరి. ఈ కైఫీయతులను మనము గ్రామచరిత్రలుగా చదువుచున్నాము. అవి చరిత్రలే, కాని ఆ కాలమును మరువరాదు. 1801లో నెల్లూరు సీమ నవాబునుండి కంపెనీవారికి సంక్రమించినది. 1802 నాటి 31వ రెగ్యులేషను లాఖిరాజు భూముల హక్కులను విచారింప సంకల్పించినది. సరిగా ఆ దినములలోనే దొరతనమువారి తరఫున ఒకరు వచ్చి, మీ యూరి పూర్వోత్తరము లేమని అడిగిరి. ఏ రాజు ఏ దేవునికి ఎంత మాన్యము విడిచెనో కరణము అంత శ్రద్ధగా వ్రాయుటకు కారణము ఊహింపవచ్చును. కైఫీయతు పూర్వరాజుల చరిత్ర మాత్రమే కాదు, క్రొత్తరాజునకు సమర్పించిన విన్నపము గూడ. మాన్యముల పట్టికలను వాడుకొనునపుడు పరిశోధకులు ఈ మెలకువ కలిగియుండుట మేలు.

ఉదయగిరి జాగీరు 1840 ప్రాంతమున జాగీరుదారుపై రాజద్రోహారోపణము రాగా ప్రభుత్వవశమైనది. ఇక పర్వానా యిచ్చు దొర ఉదయగిరిలో లేడు. అడుగవలసినచో నెల్లూరు కలెక్టరు కచేరిలో అడుగవలెను. 1858లో జి. ఎన్. టేలరు అధ్యక్షతన ఏర్పడిన ఇనాము కమిషను 1869 వరకు చెన్నరాజధాని యంతట పనిచేసినది. ఇంతకు పూర్వము ఏ రాజును ఇన్ని మాన్యములను ఒకేసారి ప్రశ్నింపలేదు. ఎవడిచ్చెను, ఎప్పుడిచ్చెను, వ్రాతమూలకమైన ఆధారమేమి, మొదటి గ్రహీత యెవరు, ఇప్పుడనుభవించువారికి అతనితో సంబంధమేమి, డిప్యూటీకలెక్టరు అభిప్రాయమేమి యని ఇనాము రిజిస్టరులో గడులు కట్టబడినవి. తాతలనాడు రాతిపై నొకటే పోకగా వ్రాసికొన్న సంగతి గడులుగా విడిపోయెను.

కమిషనువారి నియమములు కఠినములు కావు. ఏబదియేండ్ల అనుభవము రుజువైనచో పత్రము లేకున్నను హక్కును అంగీకరించిరి. దేవదాయ, ధర్మాదాయ ఇనాములను సేవ జరుగుచున్నంత కాలము చెల్లునట్లు ఖాయపరచిరి. వ్యక్తుల యినాములకు కట్టుబడి నిర్ణయించి స్వేచ్ఛ నిచ్చిరి. టైటిల్‌డీడులు పుచ్చిరి. ఇందులో న్యాయము కలదు. అయితే అనుభవము రుజువగుటకు లెక్కలు చూపవలెను; లెక్కలు కరణము చేతిలో నుండును. కరణముతో పొసగిన పూజారి గడులన్నియు నింపించుకొనగలడు. కరణముతో వైరమున్న చిన్నగుడి, ఊరిచివరి గ్రామదేవతకు కొలుపు నడుపు వాని మాన్యము, ఇట్టివాటి గతి విచారణాధికారి ఓపికపై నాధారపడినది. దాత పేరుండవలసిన గడిలో 'తెలియదు' అను మాట తరచుగా కనబడును. ఊరి నడిగుడిలో రాతిశాసనముండియు దాని లిపి చదువగలవారు లేక 'తెలియదు' అని చెప్పిన తావులును ఉండకపోవు. భోగనాథుని వంటి కవి వ్రాసినను, చదువువారు కరవైనప్పుడు రాయి రాయియే.

ఆ శతాబ్దమున ఈ మండలమునకు మరియొక విధమైన విన్నపము వచ్చినది. దీనిని ఇచ్చట విడుచుట న్యాయము కాదు. నెల్లూరున 1840లో నెలకొన్న అమెరికను బాప్టిస్టు మిషను చాలకాలము ఫలితము చూపలేకపోయెను. దానిని మూసివేయవలెనా యని 1853లో అమెరికాలో వారి సభ చర్చించునపుడు 'ఒంటరి తార' యను పేరుతో ఎస్. ఎఫ్. స్మిత్ వ్రాసిన పద్యము సభ్యుల మనస్సు మార్చినదని ఆ మిషను చరిత్రకారులు చెప్పుదురు. పద్యము వలన దానము నిలుచుట మనకు క్రొత్తకాదు. ఆ మిషను శాఖలు 19వ శతాబ్ది చివరి భాగమున ఉదయగిరి వైపునకును వ్యాపించినవి. 1876-78 కరవులో క్లౌ దొర బకింగుహాము కాలువలో కొంతభాగమును కంట్రాక్టుకు తీసికొని పేదలకు పని కల్పించెను. విరాళము యాచించుట కంటె పని సంపాదించి పెట్టుట మేలను ఆలోచన అది. దశబంధమునకు దూరపు చుట్టము.

తరువాతి కథ చట్టములది. 1817 నాటి 7వ రెగ్యులేషను గుళ్లు, మసీదులు, సత్రములు, వంతెనలు అన్నింటి దానములను రెవిన్యూబోర్డు కనుసన్నలలో నుంచినది. 1863 చట్టముతో ప్రభుత్వము దేవాలయములనుండి చేయి వెనుకకు తీసినది. 1920ల చట్టములతో మరల చేయి పెట్టినది. 1956లో ఆంధ్ర ఇనాముల రద్దు చట్టము వచ్చినది. ఇనామును రయితువారీగా మార్చునపుడు భూమి వ్యక్తిదా, సంస్థదా యని తేల్చవలసివచ్చెను. అప్పుడు మరల 1860ల నాటి రిజిస్టరును తెరచిరి. పూజారి పేరిట వ్రాయబడినదా, దేవుని పేరిట వ్రాయబడినదా యను ఒక్క గడిపై పెక్కు వ్యాజ్యములు నడచినవి. నూరేండ్ల క్రిందట గుమాస్తా తొందరలో వ్రాసిన మాటయే గుడికి భూమి నిలుచుటకో పోవుటకో కారణమైనది.

1970లో కొన్ని తాలూకాలు ప్రకాశము జిల్లాలో చేరుటయు, 1985లో తాలూకాల స్థానమున మండలములు వచ్చుటయు జరిగినవి. బటర్‌వర్తు సంపుటములలో తాలూకా పేరుతోను సంఖ్యతోను చూపిన శాసనమును నేడు వెదకువాడు మొదట ఆ యూరు ఏ జిల్లాలో, ఏ మండలములో నున్నదో తెలిసికొనవలెను. పోరుమామిళ్ల చెరువు మాత్రము వెలిగొండలకావల నిలిచియున్నది. పండ్రెండు సాధనములు, ఆరు దోషములు చెక్కిన శిలలు రెండును దానికి సమీపమున భైరవాలయము కడ ప్రకటనకర్తలకు లభించినవి. దాతపేరు, శాస్త్రజ్ఞుని యావశ్యకత, కొలతలు, కూలివారి సంఖ్య యన్నియు వాటిపై నున్నవి.